బ్రియెంజ్ కొండ మీద వంద పాత ఇళ్లు

శుక్రవారం

స్విట్జర్లాండ్ వచ్చే మన తెలుగువాళ్ల దారి ఇంచుమించు ఒకటే. జ్యూరిక్‌లో దిగుతారు, టిట్లిస్ ఎక్కుతారు, యుంగ్‌ఫ్రావ్ ఎక్కుతారు, ఇంటర్‌లాకెన్‌లో యశ్ చోప్రా విగ్రహం పక్కన ఫొటో దిగుతారు, చాక్లెట్లు కొనుక్కుని వెళ్లిపోతారు. మా అత్తయ్య కూడా వచ్చిన కొత్తలో అవన్నీ చూశారు. మంచుకొండ చూసి "బాగుంది" అని ఊరుకున్నారు. ఆవిడకు హుషారొచ్చింది మాత్రం దారిలో పశువుల కొట్టాలు కనబడినప్పుడే. తెనాలి దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి పాడి చేసిన మనిషి. ఎవరింటి ముందు ఆవు కనబడితే అక్కడ ఆగిపోతారు, లోపలికి తొంగిచూడబోతారు. ఇంటివాళ్లు ఏమనుకుంటారోనని మాకు టెన్షన్.

అందుకే బాలెన్‌బెర్గ్ అనుకున్నాం, ఆరుబయట పాత ఇళ్లన్నీ నిలబెట్టిన మ్యూజియం అది. అక్కడ ఎవరి కొట్టంలోకైనా, ఎవరి వంటింట్లోకైనా అడక్కుండా వెళ్లొచ్చు.

జ్యూరిక్ నుంచి లూసెర్న్, అక్కడ చిన్న రైలు మారి బ్రూనిగ్ కనుమ మీదుగా బ్రియెంజ్. 1888లో వేసిన ఈ కొండ రైలు నిటారుగా ఉన్నచోట పట్టాల మధ్య పళ్ల పట్టీని పట్టుకుని ఎక్కుతుంది, కనుమ వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తు. మా చిన్నాడు కిటికీకి అతుక్కుపోయాడు. అత్తయ్య కొండ వాలులో ఆరేసిన గడ్డిని చూస్తూ కూర్చున్నారు. "ఇంత ఏటవాలులో గడ్డెట్లా కోస్తారే?" అన్నారు. చాలాచోట్ల ఇప్పటికీ చేత్తోనే కొడవలి పట్టి కోస్తారని మావారు చెప్పారు.

సాయంత్రానికి బ్రియెంజ్ చేరాం. సరస్సు పచ్చటి నీలం. ఫొటోలో చూసి రంగు కలిపారనుకుంటాం, నిజంగానే అలా ఉంటుంది. పైన హిమానీనదాలు రాతిని అరగదీసి పిండి చేస్తాయి, ఆ పిండి ఆరె, లూచినె నదుల్లో కొట్టుకొచ్చి నీళ్లలో తేలుతూ ఉంటుంది. ఆ రంగు దాని మీద పడిన వెలుతురుదే. వంట చేసుకునే వీలున్న గది తీసుకున్నాం, పప్పుచారు కాచుకుని తొందరగా పడుకున్నాం.

శనివారం

బ్రియెంజ్ స్టేషన్ ముందు బస్సెక్కితే కాసేపట్లో హోఫ్‌స్టెటెన్ వైపు గేటు దగ్గర దించుతుంది. అవతలి కొసన బ్రియెంజ్‌విలర్ వైపు ఇంకో గేటుంది. మధ్యలో 66 హెక్టార్లు, అంటే మన లెక్కలో 160 ఎకరాల పైమాట. అడవి, పచ్చిక, పొలాలు, వాటి నడుమ దేశంలోని దాదాపు అన్ని కాంటన్ల నుంచి (ఇక్కడ రాష్ట్రాలను అలా అంటారు) తెచ్చి నిలబెట్టిన వందకు పైగా పాత ఇళ్లు.

ఇలాంటి మ్యూజియాలకు బాగా పేరు తెచ్చింది స్వీడన్ వాళ్లు. 1891లో స్టాక్‌హోమ్‌లో ఆర్టుర్ హాజేలియస్ అనే ఆయన స్కాన్సెన్ తెరిచాడు. స్విట్జర్లాండ్ బాగా ఆలస్యంగా మేలుకుంది. 1968లో ఫౌండేషన్ పెట్టి 1978లో గేట్లు తెరిచారు. ఇవేవీ నమూనా కట్టడాలు కావు. ఉన్నచోట రోడ్డు కోసమో కొత్త భవనం కోసమో కూల్చేయబోతుంటే, అక్కడ కాపాడే దారి లేదని తేలాక, దుంగదుంగకూ అంకె వేసి, విప్పి, లారీల్లో ఇక్కడికి తెచ్చి, అదే వరసలో మళ్లీ పేర్చారు. ఆల్ప్స్ పల్లెల్లో ఇది మరీ వింత పనేమీ కాదు. దుంగలను ఒకదాని మీద ఒకటి కూర్చి కట్టిన ఇంటిని పూర్వం చాలాచోట్ల చరాస్తి కిందే లెక్కేసేవాళ్లు. నేల ఒకరిది, ఇల్లు ఒకరిది. ఇల్లు అమ్ముకుంటే కొన్నవాడు విప్పుకుని పోవచ్చు.

మొదట జూరా ప్రాంతం నుంచి, లా షో-ద-ఫోన్ నుంచి తెచ్చిన ఇల్లు. 1617 నాటిది. బయటికి రాతి కోటలా ఉంది, లోపల మనుషులూ పశువులూ గడ్డీ అంతా ఒకే కప్పు కింద. ఆ కప్పు అంత వెడల్పుగా ఎందుకుందో తెలియాలంటే నీళ్ల సంగతి తెలియాలి. జూరాలో సున్నపురాయి నేల, పడిన వాన పడినట్టే కిందికి ఇంకిపోతుంది. బావులు దండగ. కాబట్టి కప్పు మీద పడిన వానే ఇంటికి నీళ్లు, చూరు నుంచి కాలువ పెట్టి తొట్టిలోకి పట్టుకోవాలి. వంటగది ఇంటి నడిమధ్యలో ఉంది. తలెత్తితే చెక్కలతో చేసిన గరాటులాంటి పొగగొట్టం ఆకాశం దాకా పోతోంది, మాంసం అందులోనే వేలాడదీసి పొగబెట్టుకునేవాళ్లు. చలికాలం ఆర్నెల్లు పొలం పని ఉండదు. ఆ రోజుల్లో ఇలాంటి ఇళ్ల కిటికీల దగ్గర కూర్చుని రైతులు గడియారాల చిన్నచిన్న భాగాలు చేయడం మొదలుపెట్టారు. ఇవాళ లక్షలు పోసి కొనే స్విస్ వాచీకి పుట్టిల్లు పేడవాసన వచ్చే ఇలాంటి కొంపే.

తరవాతది చూసి అత్తయ్య నిలబడిపోయారు. గడ్డి కప్పిన ఇల్లు. ఆర్గావ్ కాంటన్‌లోని ఓబెరెంట్‌ఫెల్డెన్‌ది, 1609లో కట్టింది. స్విట్జర్లాండ్‌లో పూరిల్లు ఉంటుందని ఆవిడ అనుకోలేదు, నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు. చూరు దాదాపు నేలకు దిగి ఉంది. లోపల నేల నుంచి నడికొప్పు దాకా ఒకటే మాను, నిలువెత్తున. "నిట్రాట!" అన్నారు అత్తయ్య, దాన్ని చేత్తో తట్టి. వరసగా అలాంటివి నిలబెట్టి, వాటి మీద నడికొప్పు వేసి, దాని నుంచి వాసాలు కిందికి వదిలారు. గోడలు బరువు మోయవు, కప్పే అంతా.

ఆ ఇంటికి పొగగొట్టం లేదు. పొయ్యి పొగ తిన్నగా గడ్డి కప్పులోకి పోయి మెల్లగా బయటికి వెళ్తుంది. దూలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆ పొగే కొయ్యకు పురుగు పట్టనివ్వదు, అటక మీద ధాన్యాన్ని ఆరబెడుతుంది, మాంసాన్ని నిలవ చేస్తుంది. వంట చేసే ఆడదాని కళ్లూ ఊపిరితిత్తులూ ఏమవుతాయన్న లెక్క మాత్రం ఎవరూ వేసినట్టు లేదు. మేమున్నప్పుడు పొయ్యి రాజేసి ఉంది. మావారు రెండు నిమిషాల్లో దగ్గుతూ బయటికొచ్చేశారు. అత్తయ్య లోపలే ఉండి పొయ్యి ఎత్తు, నిలబడి చేసేదా కూర్చుని చేసేదా, బూడిద ఎటు తీస్తారు, అన్నీ చూసుకున్నాక వచ్చారు. "నిలబడే చేసేవాళ్లు. మా అమ్మకన్నా కాస్త నయం" అన్నారు.

ఇలాంటి పూరిళ్లు ఒకప్పుడు ఆ ప్రాంతమంతా ఉండేవి. వాటి అంతు చూసింది చాలావరకు ఇన్సూరెన్స్. ఆర్గావ్‌లో 1805లోనే ఇళ్లకు అగ్నిప్రమాద బీమా పెట్టారు, దేశంలో కాంటన్ నడిపిన మొదటి బీమా అదే. గడ్డి కప్పు అంటే నిప్పుకు పిలుపు. అధికారులు కొత్తగా గడ్డి వేయనివ్వకుండా కట్టడి చేస్తూ పోయారు, పెంకు వచ్చేసింది.

బెర్న్ ప్రాంతం ఇళ్లలోకి వచ్చేసరికి డబ్బు కనబడటం మొదలవుతుంది. పెద్ద కప్పులు, గడ్డి బండి తిన్నగా అటక మీదికి ఎక్కేలా మట్టితో కట్టిన వాలు దారి. 1797 నాటి ఓస్టర్‌ముండిగెన్ ఇల్లు నాకు భలే నచ్చింది. కట్టింది కొయ్యతోనే. ముందు వైపు మాత్రం బెర్న్ నగరంలోని రాతి మేడలా కనబడాలని బూడిదరంగు పూయించాడు ఆ రైతు. పక్కకు తిరిగితే మామూలు చెక్క గోడ. డాబు అనేది ఏ దేశంలోనైనా వీధి వైపే ఉంటుంది.

ఇక్కడే పెద్దింటి పక్కన బొమ్మరిల్లులాంటి చిన్న ఇల్లొకటుంది. దీన్ని ష్టోక్లి అంటారు. దీని దగ్గర మేం గడిపినంతసేపు ఇంకెక్కడా గడపలేదు. బెర్న్ ఆచారంలో పొలాన్ని ముక్కలు చేయరు. ఇల్లూ పొలమూ మొత్తం ఒక్క కొడుక్కే, అదీ చిన్నవాడికి. పెద్దవాళ్లకు ఎంతో కొంత ముట్టజెప్పి పంపేస్తారు. చిన్నవాడు పెళ్లి చేసుకుని పగ్గాలు పట్టే వేళకు తల్లిదండ్రులు పెద్దిల్లు ఖాళీ చేసి ఈ చిన్నింట్లోకి మారతారు. ఇక వాళ్ల తిండి సంగతి? నమ్మకానికి వదిలిపెట్టరు, కాగితం రాసుకుంటారు. ఏడాదికి ఇన్ని కట్టెలు, ఇంత ధాన్యం, రోజుకింత పాలు, ఏ చెట్టు పళ్లు, కూరగాయలకు ఎంత చోటు. చాలాచోట్ల ఇలాంటి ఒప్పందాల్లో అన్నీ పూసగుచ్చినట్టు ఉండేవి.

మావారు ముగ్గురన్నదమ్ముల్లో చిన్నవారు. "చూశావా అమ్మా, ఇక్కడ పుట్టి ఉంటే నాలుగెకరాలూ నాకే" అన్నారు. అత్తయ్య నవ్వలేదు. మా వైపు పొలం పంచుకున్నట్టే తల్లిదండ్రులనూ వంతులు వేసుకుంటారు, నెలకొకరి దగ్గర, సంచి సర్దుకుని తిరగడం. మా ఇంట్లో అలా లేదు కానీ ఆవిడ చూసిన ఇళ్లు చాలా ఉన్నాయి. లోపల మంచం, చిన్న పొయ్యి, కిటికీలోంచి పెద్దింటి గుమ్మం కనబడుతుంది. "కాగితం రాయించుకోవడం మంచిదే" అన్నారు కాసేపటికి. "కన్నకొడుకుతో కాగితమేంటని మనవాళ్లు సిగ్గుపడతారు. పాలు ఇవ్వనప్పుడు సిగ్గుపడరు." కిటికీ నుంచి అంత దగ్గరగా కోడలి కాపురం కనబడటం మాత్రం మంచిది కాదని కూడా అన్నారు. నా వైపు చూడకుండానే అన్నారు.

అక్కడికి కాస్త అవతల డెట్లిగెన్ నుంచి తెచ్చిన కూలివాళ్ల ఇల్లు. 18వ శతాబ్దంది. పొలం లేనివాళ్లు పెద్ద రైతు దగ్గర రోజు కూలికి పోయి బతికిన గూడు. ఓస్టర్‌ముండిగెన్ రంగుగోడ చూసి దీని ముందుకొస్తే ఊరి లెక్క మొత్తం అర్థమవుతుంది. పెద్దిళ్లలో కూడా చూడండి, వెచ్చని గది ఒక్కటే. వంటింట్లోంచి రాజేసే పెద్ద పింగాణీ పలకల పొయ్యి, దాని చుట్టూ కూర్చునే అరుగు. దాని పైగది యజమానిది, నేలలో చిన్న తలుపు తెరిస్తే వేడి పైకి వస్తుంది. పాలేర్లూ పనిపిల్లలూ పడుకునేది కప్పు కింద చలిగదుల్లో.

ఆ పనిపిల్లల గురించి చెప్పకుండా ఈ ఇళ్లు మెచ్చుకుంటే అన్యాయం. పేదవాళ్ల పిల్లలను, అనాథలను, పెళ్లికాని తల్లుల పిల్లలను ఊరి పెద్దలు రైతుల ఇళ్లలో పనికి పెట్టేవాళ్లు. 19వ శతాబ్దంలో కొన్నిచోట్ల వేలం పాట పెట్టారు. పిల్లను పోషించడానికి ఊరి నుంచి ఎవరు తక్కువ డబ్బు అడిగితే పిల్ల వాళ్లకు. ఈ పద్ధతి ఏదో రూపంలో 20వ శతాబ్దం లోపలికి చాలాదూరం వచ్చింది. 2013లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది, 2017లో అమల్లోకొచ్చిన చట్టంతో బతికున్న బాధితులకు తలా 25,000 ఫ్రాంకులు ఇచ్చింది. మన సినిమా పాటల్లో హీరోహీరోయిన్లు పరిగెత్తే పచ్చిక బయళ్లలో ఆ పిల్లలు ఆవులు కాశారు.

ఐదింటికి ఇళ్లు మూసేస్తారు. సగం కూడా పూర్తి కాలేదు.

ఆదివారం

ఈసారి బ్రియెంజ్‌విలర్ గేటు నుంచి మొదలుపెట్టాం. తెల్లారేసరికి సన్నగా వాన. జనం తక్కువ, అదే మేలైంది.

జున్ను చేసేచోట రాగి కాగు. కట్టెల మంట మీద, పక్కకు తిప్పుకునే కొయ్య చెయ్యికి వేలాడుతూ ఉంది. వేడి చాలనుకున్నప్పుడు మంట తగ్గించరు, కాగునే పక్కకు లాగేస్తారు. పాలు గోరువెచ్చగా అయ్యాక తోడు కలిపి కదలకుండా ఉంచారు, గట్టిపడ్డాక తీగలు కట్టిన పరికరంతో గింజల్లా కోశారు, మళ్లీ వేడిచేసి గుడ్డలో ఎత్తారు. అత్తయ్య ప్రతి అడుగూ తలూపుతూ చూశారు. ఆ తోడు ఏమిటని అడిగితే, పాలు తాగే దూడ పొట్టలోంచి తీసిన పదార్థమని ఆ పనివాడు మామూలుగా చెప్పాడు. ఆవిడ మాంసం తినే మనిషే. అయినా "పాలల్లోనా?" అని వెనక్కి జరిగారు. రుచికి ముక్క ఇస్తే మావారూ నేనూ తిన్నాం.

మధ్యాహ్నం హోటల్లో ఆల్ప్స్ మకరోనీ తెచ్చారు. మకరోనీ, బంగాళాదుంప, జున్ను, మీగడ, పైన వేయించిన ఉల్లిపాయ, పక్కన ఆపిల్ గుజ్జు. చిన్నాడికి పండగ. మిగతావాళ్లం కారప్పొడి పొట్లం విప్పాం.

వాలే ప్రాంతం కొట్టుగదులు చూడాలి. రాయి, కొయ్య కాళ్ల మీద నిలబెట్టిన చెక్క గాదెలు. ఒక్కో కాలి మీద తిరగలి రాయంత గుండ్రటి పలక పెట్టి దాని మీద గాదెను నిలిపారు. ఎలుక కాలు పట్టుకుని ఎక్కినా పలక అంచు దగ్గర తలకిందులుగా పాకలేక కిందపడాల్సిందే. ఇంత తేలిక ఉపాయం. లోపల దాచేది రై ధాన్యం. ఊరందరికీ ఒకటే రొట్టెల పొయ్యి, ఏడాదికి రెండు మూడు సార్లే కాల్చేవాళ్లు. నెలల తరబడి నిలవ ఉండి రొట్టె రాయిలా అయిపోయేది, కోయడానికి ప్రత్యేకంగా కత్తిపీటలాంటిది ఉండేది.

వాలేలో పంపకం బెర్న్‌కు పూర్తిగా తలకిందులు. కొడుకులకూ కూతుళ్లకూ అందరికీ సమానం. వినడానికి బాగుంది కదా, ఫలితం చూడండి: తరాలు గడిచేకొద్దీ ఒకే ఇంట్లో అంతస్తుకో కుటుంబం, పొలం జేబురుమాలంత ముక్కలు, ఈ గాదెల్లో సైతం ఒక్కొక్కరికి నాలుగో వంతో ఎనిమిదో వంతో. నిన్న బెర్న్ పద్ధతిని మెచ్చుకున్న మావారికి ఇది మన పద్ధతేనని గుర్తు చేశాను. ఏ పద్ధతికి ఎవరు బలయ్యారో అన్నది తేల్చడానికి తల్లీకొడుకులిద్దరూ గొడుగు కింద చాలాసేపు వాదించుకున్నారు. బెర్న్‌లో పొలం దక్కని అన్నలు కూలికో వలసకో పోయారు, వాలేలో అందరికీ పొలం దక్కి ఎవరికీ కడుపు నిండలేదు.

దక్షిణాన ఇటలీ భాష మాట్లాడే టిచీనో ఇళ్లు రాతి గోడలు, రాతి పలకల కప్పులు. కుంయాస్కో నుంచి తెచ్చిన ఇల్లు ఒకటుంది. అక్కడ తిండి చాలావరకు చెస్ట్‌నట్ కాయలు, మొక్కజొన్న పిండి సంకటి. మగవాళ్లు తాపీపనికి దేశాలు పట్టిపోయేవాళ్లు. సన్నగా ఉన్న మగపిల్లలను పొగగొట్టాల్లోకి దూరి మసి తుడవడానికి మిలాన్ పంపేవాళ్లు. ఇంటి దగ్గర పొలం, పశువులు, ముసలివాళ్లు అన్నీ ఆడవాళ్ల మీదే.

చేతిపనుల్లో నన్ను పట్టేసింది పట్టు రిబ్బన్ల మగ్గం. బాసెల్ చుట్టుపక్కల పల్లెల్లో రైతుల ఇళ్లలో ఇది గదంతా ఆక్రమించేది. మగ్గం, పట్టు నూలు రెండూ నగరంలోని వ్యాపారివే. నేసిన రిబ్బను బండివాడు నగరానికి చేరవేస్తాడు, మళ్లీ నూలు తెస్తాడు, నేతగాడికి మిగిలేది కూలి. మంగళగిరిలో మాస్టర్ వీవర్ నూలిచ్చి చీరకింత అని కట్టే పద్ధతి తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 1920ల్లో ఫ్యాషన్ మారి టోపీలకూ గౌన్లకూ రిబ్బన్లు పోయాయి, పల్లెల్లో మగ్గాలు ఆగిపోయాయి.

పశువులు కూడా పాత జాతులే. నెత్తిన కుచ్చు నిక్కబొడుచుకున్న అపెంజెల్ కోళ్లు, ఉన్ని బొచ్చు పందులు, బూడిదరంగు చిన్న ఆవులు. అంతరించిపోతున్న ఇలాంటి జాతులను, పాత విత్తనాలను కాపాడటానికి 1982 నుంచి ప్రోస్పెసీరారా అనే సంస్థ పనిచేస్తోంది. బూడిదరంగు ఆవు అత్తయ్య చేతిని వాసన చూసి నాకింది. "పాలెన్నిస్తుంది?" అన్నారు. తక్కువే, కానీ కొండలెక్కుతుంది, ఏ గడ్డైనా తింటుంది అన్నాడు కాపరి. "మా ఒంగోలు ఆవునీ ఇదే అని వదిలేశారు" అన్నారావిడ. మావారు అనువదించి, ఆ ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లల్లో ఉందని కలిపారు. కాపరి కాసేపు పని ఆపేసి ప్రశ్నలు వేశాడు.

సోమవారం

తిరుగు రైలు మధ్యాహ్నం. పొద్దున బ్రియెంజ్‌లో కొయ్యబొమ్మల మ్యూజియం. ఊళ్లో ఎటు చూసినా చెక్కిన ఎలుగుబంట్లు, ఆవులు. ఇది అనాదిగా వచ్చిన కళ అనుకుంటాం, కాదు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ మరుసటి ఏడాది యూరప్‌లో వేసవి రాలేదు. పంటలు పోయాయి, స్విట్జర్లాండ్‌లో జనం గడ్డి ఉడకబెట్టుకుని తిన్నారు. సరిగ్గా ఆ 1816లో క్రిస్టియన్ ఫిషర్ అనే కొయ్యపనివాడు ఇక్కడ బొమ్మలు చెక్కి వచ్చేపోయే యాత్రికులకు అమ్మడం మొదలుపెట్టాడు. పక్కవాళ్లకు నేర్పాడు. 1884లో చెక్కుడు పనికి బడే పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. కరువులో దేశం విడిచి పోయినవాళ్లూ ఉన్నారు, 1819లో బ్రెజిల్‌కు వెళ్లి నోవా ఫ్రిబుర్గో ఊరు కట్టుకున్నది స్విస్ వలసవాళ్లే.

తరవాత పడవలో గీస్‌బాక్ జలపాతం. అంచెలంచెలుగా దూకుతుంది, రేవు నుంచి పైకి 1879 నాటి తాడు రైలుంది. బాగుంది, జనం ఎక్కువ.

పడవలో తిరిగొస్తుంటే అత్తయ్య ఉన్నట్టుండి అన్నారు, "ఒరేయ్, నేనూ కాగితం రాయించుకుంటాను."

"రాయించుకో. ఏం కావాలి?"

"రోజుకు అరలీటరు పాలు. ఏడాదికి రెండు జాడీల ఆవకాయ. గది నాకు వేరే, కిటికీ రోడ్డు వైపు ఉండాలి."

"ఆవకాయ నువ్వే కదా పెట్టేది?"

"కాయలు నువ్వు తేవాలి. పాలు గేదె పాలు."

"జ్యూరిక్‌లో గేదె పాలు ఎక్కడ తేనమ్మా?"

"అది నీ తలనొప్పి. కాగితంలో ఎక్కాక ఇవ్వాల్సిందే కదా. నువ్వే చెప్పావు."